టెక్సస్‌లో కారు యాక్సిడెంట్ అయితే: ముందే చూసుకోవాల్సిన ఇన్సూరెన్స్, తర్వాత వరసగా చేయాల్సిన పనులు

రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక ఫోటో వస్తుంది. నలిగిపోయిన బంపర్, పక్కన ఎవరివో హజార్డ్ లైట్లు. కింద మెసేజ్: "అన్నా, వెనక నుంచి ఒకడు గుద్దాడు, మన ఇన్సూరెన్స్‌కి చెప్పాలా, వాడి ఇన్సూరెన్స్‌కి చెప్పాలా? చెబితే ప్రీమియం పెరుగుతుందా?" ఇదే ప్రశ్న మనుషులు మారి మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి ఒకసారి మొత్తం రాసి పెడుతున్నాను, ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తాను.

నేను లాయర్ని కాదు, ఏజెంటునీ కాదు. డాలస్ వైపు చాలా ఏళ్లుగా కారు నడుపుతున్నవాణ్ణి, రెండుసార్లు గుద్దించుకున్నవాణ్ణి, ఒకసారి నేనే వెళ్లి గుద్దినవాణ్ణి. ఇక్కడ రాసేదంతా టెక్సస్‌కే వర్తిస్తుంది. అమెరికాలో కారు ఇన్సూరెన్స్ చట్టం రాష్ట్రానికొకటి. కాలిఫోర్నియాలో కనీస కవరేజీ వేరు, న్యూజెర్సీలో వైద్యం ఖర్చు ఎవరు కట్టాలనే పద్ధతే వేరు. అక్కడున్న మీ కజిన్ చెప్పిన సలహా టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో కేటీలోనో పనికిరాదు, పైగా ఒక్కోసారి ముంచుతుంది.

ముందు చట్టం గురించి నాలుగు ముక్కలు, అంతకంటే అక్కర్లేదు.

టెక్సస్‌లో తప్పు ఎవరిదైతే వాళ్లు (అంటే వాళ్ల ఇన్సూరెన్స్) అవతలివాళ్ల నష్టం కట్టాలి. దానికోసం ప్రతి డ్రైవర్ దగ్గరా కనీసం 30/60/25 లయబిలిటీ ఉండాలి: ఒక మనిషి గాయాలకు 30 వేల డాలర్లు, ఒక యాక్సిడెంట్‌లో గాయపడ్డ అందరికీ కలిపి 60 వేలు, అవతలివాళ్ల ఆస్తికి 25 వేలు. ఇది మీ కారుకు గానీ మీ ఒంటికి గానీ ఒక్క సెంటు కూడా ఇవ్వదు, గుర్తుంచుకోండి. ఇద్దరిదీ తప్పుంటే శాతాలు వేస్తారు. మీకు 20 వేల నష్టం జరిగి మీ తప్పు 20 శాతం అని తేలితే 16 వేలొస్తాయి, 50 శాతం అయితే 10 వేలొస్తాయి, 51 శాతం అయితే సున్నా. ఆ ఒక్క శాతం కోసమే అడ్జస్టర్లు (క్లెయిమ్ చూసే ఇన్సూరెన్స్ కంపెనీ మనుషులు) అన్ని ప్రశ్నలు అడిగేది. కోర్టుకు వెళ్లాలంటే గాయాలకైనా కారుకైనా యాక్సిడెంట్ రోజు నుంచి మామూలుగా 2 ఏళ్ల గడువు.

ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి జరిమానా 175 నుంచి 350 డాలర్లు, రెండోసారి నుంచి 350 నుంచి 1,000 దాకా. పోలీసులు మీ ప్లేట్ నంబరు కొట్టి టెక్సస్ ష్యూర్ అనే డేటాబేస్‌లో చూసుకుంటారు, "కార్డు ఇంట్లో మర్చిపోయాను ఆఫీసర్" అనే కథ నడవదు.

కావాల్సినవి

మీ పాలసీ డిక్లరేషన్స్ పేజీ (మీకు ఏ కవరేజీ ఎంతకి ఉందో రాసి ఉండే పేజీ, కంపెనీ యాప్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది). ఇన్సూరెన్స్ కార్డు, ఫోన్‌లో ఉన్నా చాలు. ఫోన్‌లో కార్డు చూపించినంత మాత్రాన మిగతా ఫోన్ చూడటానికి మీరు ఒప్పుకున్నట్టు కాదని చట్టంలోనే రాసి ఉంది. అయినా సిగ్నల్ లేని చోట యాప్ తెరుచుకోదు కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గ్లవ్ బాక్సులో ఒక పెన్నూ, చిన్న పుస్తకమూ. కారులో ఫోన్ ఛార్జర్. వంద డాలర్ల లోపు డ్యాష్‌క్యామ్ దొరికితే కొనండి, "గ్రీన్ నాకే ఉంది" అని ఇద్దరూ చెప్పినప్పుడు అదొక్కటే మీ తరఫున మాట్లాడుతుంది.

1. డిక్లరేషన్స్ పేజీ ఈ రోజే తెరవండి

గుద్దాక చేసే పని కాదిది. ఇప్పుడే, టీ తాగుతూ చేయండి. ఈ ఒకటో అంకె మీదే నేను ఎక్కువసేపు మాట్లాడబోతున్నాను, ఎందుకంటే మనవాళ్లు దెబ్బతినేది రోడ్డు మీద కాదు, ఈ పేజీలో.

లయబిలిటీ దగ్గర 30/60/25 అని కనిపిస్తే మీరు కనీసంతో నడుస్తున్నారు. చట్టానికి చాలు, మీకు చాలదు. మీ చుట్టూ టోల్‌వే మీద పోతున్న కార్లు చూడండి. 48 వేల డాలర్ల కారును మీరు పూర్తిగా పాడు చేస్తే మీ కంపెనీ 25 వేలు కట్టి పక్కకు తప్పుకుంటుంది, మిగతా 23 వేలు మిమ్మల్నే అడుగుతారు. ఉద్యోగం, ఇల్లు, నాలుగు డబ్బులు ఉన్నవాళ్లయితే 100/300/100కు పెంచితే ఎంతవుతుందో అడగండి. చాలామందికి ఆ తేడా వాళ్లు భయపడినంత ఉండదు.

తర్వాత పీఐపీ (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్). మీ వైద్యం ఖర్చు, పోయిన జీతంలో 80 శాతం, తప్పు ఎవరిదైనా సరే మీ కంపెనీయే ఇస్తుంది. టెక్సస్‌లో కంపెనీ కనీసం 2,500 డాలర్ల పీఐపీ మీకు ఇవ్వజూపి తీరాలి, మీరు వద్దనుకుంటే రాతపూర్వకంగా వద్దనాలి. ఇక్కడే ఉంది అసలు మెలిక. ఆన్‌లైన్‌లో చౌక పాలసీ కొన్నప్పుడు ఈ-సంతకాల కాగితాలు వస్తాయి, ఒక్కో పేజీలో పసుపు బాణం, నొక్కు, నొక్కు, నొక్కు. అందులో ఒక బాణం "నాకు పీఐపీ వద్దు" అనే కాగితం మీద ఉంటుంది. ఒకసారి వద్దన్నారంటే తర్వాత రెన్యువల్స్ అన్నింటికీ అదే కొనసాగుతుంది.

నేనూ అలాగే నొక్కాను. అమ్మ ఇండియా నుంచి వచ్చిన వేసవిలో ఒక ఆదివారం, ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో నుంచి బయటికొస్తుంటే పక్క వరసలోంచి రివర్స్‌లో వచ్చిన కారు మా కారును తాకింది. వేగమేమీ లేదు. కానీ అమ్మ ఒళ్లో కొత్తిమీర, కరివేపాకు సంచి ఉంది, అది పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి డ్యాష్‌బోర్డుకు ఆనించింది, మణికట్టు వాచిపోయింది. అవతలి కుర్రాడు చూపించిన కార్డు చక్కగానే ఉంది, పాలసీ మాత్రం రెండు నెలల క్రితమే ఆగిపోయిందట. ఎక్స్‌రే బిల్లు నా జేబులోంచే. అమ్మ విజిటర్ ఇన్సూరెన్స్ డిడక్టిబుల్‌కే (ఇన్సూరెన్స్ ఇచ్చే ముందు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) అది సరిపోయింది. పీఐపీ ఉంటే అది మీ కారులో కూర్చున్నవాళ్లకు కూడా, అంటే చూడ్డానికొచ్చిన అమ్మానాన్నలకు, అత్తమామలకు కూడా వర్తిస్తుంది. ఆ మాట నాకు ఆ బిల్లు చూశాకే తెలిసింది.

యూఎమ్/యూఐఎమ్ (అన్‌ఇన్సూర్డ్/అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్) కూడా అలాంటిదే: గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోయినా, ఉన్నది చాలకపోయినా, గుద్ది పారిపోయినా మీ కంపెనీయే కడుతుంది. ఇదీ వద్దనాలంటే రాసి ఇవ్వాలి. కారు నష్టం వైపు దీనికి 250 డాలర్ల డిడక్టిబుల్ ఉంటుంది, 1,000 డాలర్ల కొలిజన్ (తప్పు ఎవరిదైనా మీ కారు నష్టానికి మీ పాలసీ ఇచ్చే కవరేజీ) డిడక్టిబుల్ కంటే ఎంతో నయం. ఒక్క జాగ్రత్త: పారిపోయిన కారు మీ కారును నిజంగా తాకి ఉండాలి. ఎవడో అడ్డమొచ్చాడని మీరు తప్పించబోయి గోడకు గుద్దితే యూఎమ్ రాదు, కొలిజన్ వాడుకోవాల్సిందే.

పేజీలో చివర డ్రైవర్ల పేర్లుంటాయి. ముగ్గురు రూమ్మేట్లు, ఒక కారు, పాలసీలో ఒక్కడి పేరు అనేది మన కుర్రాళ్లలో మామూలు. ఇంట్లో ఉండే, నడిపే వయసున్న అందరి పేర్లూ కంపెనీ అడుగుతుంది, దాచిపెడితే క్లెయిమ్ రోజున కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తుంది. "515ఏ" అనే కాగితం కనిపిస్తే ఇంకా జాగ్రత్త: అందులో పేరున్న మనిషి నడుపుతుంటే ఆ పాలసీ పనిచేయదు. ప్రీమియం తగ్గుతుందని భార్య పేరో తమ్ముడి పేరో అందులో పెట్టి, మరిచిపోయి తాళాలిచ్చినవాళ్లున్నారు.

సొంత కారు లేదు, స్నేహితుల కార్లో, అద్దె కార్లో నడుపుతారు అంటే నాన్-ఓనర్ పాలసీ అని దొరుకుతుంది, అడగండి. క్రెడిట్ కార్డు ఇచ్చే రెంటల్ కవర్ సాధారణంగా ఆ అద్దె కారు నష్టానికే, మీరు గుద్దిన మనిషికి కాదు. ఫుడ్ డెలివరీ చేస్తూ గుద్దితే మామూలు పర్సనల్ పాలసీలు చాలావరకు చేతులెత్తేస్తాయి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉండి డెలివరీ చేస్తున్నవాళ్లకు వీసా తలనొప్పి దీనికి అదనం.

2. ఆగండి, కారు పక్కకు తీయండి

వెళ్లిపోవద్దు. చిన్న గీతే అయినా సరే. ఆగకుండా పోవడం నేరం, ఎవరికైనా గట్టి దెబ్బ తగిలి ఉంటే అది ఫెలనీ (తీవ్రమైన నేరం), ఇమిగ్రేషన్ ఫైలులో అలాంటి మాట పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

"పోలీసులొచ్చేదాకా కారు కదపకూడదు" అని ఇండియాలో విన్న మాట ఇక్కడ మర్చిపోండి. నగరాల్లో ఫ్రీవే మీద గాయాలేమీ లేకుండా కార్లు నడిచే స్థితిలో ఉంటే, వాటిని వీలైనంత త్వరగా సర్వీస్ రోడ్డుకో దగ్గరి క్రాస్ స్ట్రీట్‌కో తీసుకెళ్లాలని టెక్సస్ చట్టమే చెబుతోంది. 635 ఫ్రీవే మీద మధ్య లేన్లో దిగి బంపర్ చూసుకుంటూ నిలబడటం ప్రాణాలతో చెలగాటం. ముందు హజార్డ్ లైట్లు వేయండి, కుదిరితే కూర్చున్న చోటినుంచే రెండు ఫోటోలు తీయండి, కదలండి. ఎవరికైనా గాయమైతే ఈ మాట వర్తించదు, 911 చేసి వాళ్లు చెప్పింది చేయండి.

పార్క్ చేసి ఉన్న కారును తగిలించారా? యజమానిని వెతకండి, దొరక్కపోతే పేరు, అడ్రసు, ఏం జరిగిందో రాసిన చీటీ కనిపించేలా పెట్టండి. ఆ చీటీకి కూడా ఫోటో తీసుకోండి, గాలికి ఎగిరిపోతే మీరు పెట్టారని చెప్పడానికి అదే ఆధారం.

3. పోలీసులను పిలవండి

గాయం, మరణం, లేదా కారు నడపలేని స్థితి, ఈ మూడింట్లో ఏది ఉన్నా వెంటనే చెప్పి తీరాలి. అంతకంటే చిన్నదైతే పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబరుకు చేయండి. చాలా నగరాల్లో చిన్న యాక్సిడెంట్లకు ఎవరూ రారు, వివరాలు మార్చుకుని వెళ్లిపొమ్మంటారు, పార్కింగ్ లాట్ అయితే ప్రైవేటు స్థలం కదా అంటారు. రాకపోయినా ఫోన్ చేసిన సమయం, ఇచ్చిన ఇన్సిడెంట్ నంబరు రాసుకోండి. అవతలివాడి మాట రెండు రోజుల్లో మారిపోవచ్చు, మీరు ఆ నిమిషంలోనే చెప్పారనడానికి అదొక గుర్తు.

అవతలి మనిషి "పోలీసులెందుకు బ్రదర్, 300 డాలర్లిస్తా, జెల్‌లో (బ్యాంకు యాప్ నుంచి) పంపనా" అంటే ఒప్పుకోవద్దు. ఇప్పటి బంపర్ వెనక సెన్సర్లుంటాయి, 300 అనుకున్నది బాడీ షాపులో 3,000 అవుతుంది. అప్పటికి అతను ఫోన్ ఎత్తడు.

4. వివరాలు మార్చుకోండి, నోరు అదుపులో పెట్టుకోండి

పేరు, అడ్రసు, కారు ప్లేటు, ఇన్సూరెన్స్ కంపెనీ, పాలసీ నంబరు. అడిగితే లైసెన్స్ చూపించాలి. రాసుకోవడం కంటే కార్డుకూ, లైసెన్స్‌కూ, ప్లేటుకూ ఫోటో తీయడం మేలు, ఆ హడావిడిలో అంకెలు తప్పు రాస్తాం. కార్డు మీద ఉన్న పేరూ, లైసెన్స్ మీద ఉన్న పేరూ ఒకటేనా, తేదీ దాటిపోయిందా అక్కడే చూడండి. సాక్షులుంటే వాళ్ల ఫోన్ నంబరు ముందు తీసుకోండి, వాళ్లు రెండు నిమిషాలు కూడా ఆగరు.

మనకు అలవాటుగా వచ్చే మాట "సారీ". కాలు తగిలినా సారీ అంటాం. టెక్సస్ చట్టం ఒక మేరకు మనల్ని కాపాడుతుంది: సానుభూతిగా అన్న మాటను తప్పు ఒప్పుకున్నట్టు కోర్టులో వాడకూడదు. కానీ "సారీ, నేను చూసుకోలేదు, నా తప్పే" అన్నారనుకోండి, ఆ రెండో సగం మీ మెడకు చుట్టుకుంటుంది. "మీకేం కాలేదు కదా?" అని అడగండి, అక్కడితో ఆపండి. పోలీసుకు జరిగింది జరిగినట్టు చెప్పండి, ఊహలు వద్దు. "బహుశా నేను 45లో ఉన్నానేమో" అనే మాట రిపోర్టులో "45" అని పడుతుంది.

5. ఫోటోలు

ఎక్కువమంది తమ బంపర్‌ని పది సార్లు తీసి ఆపేస్తారు. కావాల్సింది అది ఒక్కటే కాదు. దూరం నుంచి రెండు కార్లూ, లేన్ గీతలూ, సిగ్నలూ కనిపించేలా, అవతలి కారు నష్టం, ప్లేట్లు, రోడ్డు మీద టైరు జాడలు, గాజు ముక్కలు, స్టాప్ బోర్డు ఏ పక్కనుందో, మీ ఎయిర్‌బ్యాగులు, పిల్లల కారు సీటు. అవతలి కారులో ఎంతమంది ఉన్నారో కూడా కనిపించేలా ఒకటి తీయండి. ఒకడే ఉన్న కారులో తర్వాత ముగ్గురికి మెడనొప్పి వచ్చిన కథలు బోలెడు విన్నాను. చుట్టుపక్కల గ్యాస్ స్టేషన్, షాపు కెమెరాలుంటే ఆ రోజే వెళ్లి అడగండి, చాలాచోట్ల రికార్డింగు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది.

ఇంటికొచ్చాక, పడుకునే ముందు, ఏం జరిగిందో మీ మాటల్లో ఒక పేజీ రాసుకోండి. తెలుగులోనే రాసుకోండి, ఎవరికీ చూపించక్కర్లేదు. మూడు వారాల తర్వాత అడ్జస్టర్ "ఎడమ పక్క కారు ఏ రంగు?" అని అడిగితే మీకు గుర్తుండదు.

6. డాక్టర్ దగ్గరికి వెళ్లండి

ఆ క్షణంలో నొప్పి తెలియదు, మెడా నడుమూ మర్నాడు పట్టేస్తాయి. ఒకటి రెండు రోజుల్లో చూపించుకోండి. రెండు వారాలు ఆగి వెళితే "మధ్యలో ఎక్కడ తగిలించుకున్నారో" అంటారు. పీఐపీ ఉంటే ఆ క్లెయిమ్ నంబరు ఇవ్వండి, లేకపోతే ఆరోగ్య బీమా కార్డు ఇవ్వండి. "యాక్సిడెంట్ కేసు కదా, మీ హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోం" అని కొన్నిచోట్ల అంటారు, అప్పుడు మీ ఆరోగ్య బీమా కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి, ఊరికే తలూపకండి. యాక్సిడెంట్ అయిన 72 గంటల్లోపు ఆసుపత్రిలో చేరితే, మీకు రాబోయే సెటిల్‌మెంట్ డబ్బు మీద ఆసుపత్రి లీన్ (అందులోంచి తన బాకీ రాబట్టుకునే హక్కు) వేయొచ్చు. చెక్కు చేతికొచ్చే ముందు అలాంటిది ఏమైనా ఉందేమో అడగాలి.

ఈ లోపు మీకు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తాయి, "మీ యాక్సిడెంట్ గురించి, ఉచిత కన్సల్టేషన్" అని. అడగకుండా అలా ఫోన్ చేసి కేసు పట్టుకోవడం టెక్సస్‌లో నేరం, ఉత్తరాలు పంపడానికి కూడా మొదటి 30 రోజులు నిషేధం. అలా మొదలైనవాళ్లు తర్వాత ఎలా ఉంటారో మీరే ఆలోచించండి. గాయాలు గట్టివైతే లాయర్ అవసరమే, కానీ ఆ లాయర్ని మీరు వెతుక్కోండి.

7. ఏ కంపెనీలో క్లెయిమ్ వేయాలి?

అసలు ప్రశ్నకు వచ్చాం. ముందు ఒక సంగతి: ఏ దారి పట్టినా మీ కంపెనీకి విషయం చెప్పండి. పాలసీలోనే ఆ షరతు ఉంటుంది. చెప్పడం వేరు, క్లెయిమ్ వేయడం వేరు.

తప్పు స్పష్టంగా అవతలివాడిది, మీకు తొందర లేదు, కారు నడుస్తోంది: అవతలి కంపెనీలో వేయండి. డిడక్టిబుల్ లేదు, అద్దె కారు వాళ్లే ఇవ్వాలి. కానీ వాళ్లు ముందు తమ కస్టమర్‌తో మాట్లాడాలంటారు, అతను ఫోన్ ఎత్తడు, మీ కారు వారం కదలదు.

తప్పు మీద గొడవ ఉంది, లేదా కారు అర్జంటుగా కావాలి, మీకు కొలిజన్ ఉంది: మీ కంపెనీలో వేయండి. డిడక్టిబుల్ మీరు కట్టాలి, తర్వాత వాళ్లు అవతలి కంపెనీ నుంచి వసూలు చేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. మీ సొంత కంపెనీకైతే చట్టం గడువులు పెట్టింది: మీరు చెప్పిన 15 రోజుల్లో స్పందించాలి, అడిగిన కాగితాలన్నీ ఇచ్చాక 15 పని దినాల్లో అవునో కాదో చెప్పాలి, అవునన్నాక 5 పని దినాల్లో డబ్బివ్వాలి. క్యాలెండర్‌లో పెట్టుకోండి.

అవతలివాడికి ఇన్సూరెన్స్ లేదు, పారిపోయాడు: యూఎమ్. పోలీసులకు చెప్పి ఉండాలి.

తప్పు మీదే: మీ కంపెనీకి చెప్పి పక్కకు జరగండి, అవతలివాళ్లతో మాట్లాడటం, కోర్టుకెళితే మీ తరఫున లాయర్ని పెట్టడం వాళ్ల పని. కోర్టు కాగితాలు ఇంటికొస్తే సోఫా మీద పడేయకండి. జిల్లా, కౌంటీ కోర్టుల్లో అయితే అందిన రోజు నుంచి 20 రోజులు గడిచాక వచ్చే సోమవారం ఉదయం 10 గంటల లోపు, చిన్న కేసులు చూసే జస్టిస్ కోర్టులో అయితే 14 రోజుల్లోనే జవాబు వేయాలి, లేకపోతే మీరు లేకుండానే తీర్పు వస్తుంది. ఆ రోజే స్కాన్ చేసి కంపెనీకి పంపండి, అందిందని జవాబు తెప్పించుకోండి.

అవతలి కంపెనీ అడ్జస్టర్ ఫోన్ చేసి "రికార్డ్ చేయొచ్చా?" అంటారు, గొంతు చాలా తీయగా ఉంటుంది. అతనికి రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు. "వివరాలు ఈమెయిల్‌లో పంపుతాను" అనండి. మీ సొంత కంపెనీకి మాత్రం సహకరించాలి.

8. పోలీసు రిపోర్టు తెప్పించి, చదవండి

గాయం ఉన్నా, నష్టం 1,000 డాలర్లు దాటినట్టు కనిపించినా వచ్చిన ఆఫీసర్ సీఆర్-3 రిపోర్టు రాసి 10 రోజుల్లోపు పంపాలి. టెక్సస్ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో కాపీ 6 డాలర్లకు కొనుక్కోవచ్చు. కొన్నాక పక్కన పెట్టడం కాదు, చదవండి. మీరు యూనిట్ 1 అయ్యారా 2 అయ్యారా, బొమ్మలో బాణాలు సరైన దిక్కులో ఉన్నాయా, "కాంట్రిబ్యూటింగ్ ఫ్యాక్టర్" (యాక్సిడెంట్‌కు కారణం) గడిలో మీ పేరుకెదురుగా ఏదైనా కోడ్ ఉందా. మన ఇంటిపేర్లు, అసలు పేర్లు తారుమారు కావడం మామూలే, అది సరిచేయించకపోతే క్లెయిమ్ సరిపోలట్లేదని తిప్పి పంపుతారు. తప్పుంటే ఆ పోలీసు విభాగానికే ఆధారాలతో రాయండి, కంపెనీకి రాస్తే లాభం లేదు.

9. కారు డబ్బు

షాపు ఎంపిక మీది. "మా నెట్‌వర్క్ షాపుకే తీసుకెళ్లాలి" అని కంపెనీ బలవంతం చేయకూడదు. టో ట్రక్కు కారును ఎక్కడికి లాక్కెళ్లిందో ఆ రోజే కనుక్కోండి, యార్డులో రోజువారీ అద్దె పడుతూనే ఉంటుంది, ఆలస్యం చేస్తే అది మీ నెత్తికే వస్తుంది.

టోటల్ (బాగుచేయడం దండగ) అన్నారంటే మీరు కొన్న ధర ఇవ్వరు, గుద్దే ముందు ఆ కారుకున్న మార్కెట్ విలువ ఇస్తారు. వాళ్లు ఏ కార్లతో పోల్చారో ఆ రిపోర్టు అడగండి. నా కారు విషయంలో లెదర్ సీట్లున్న మోడల్‌ని మామూలు ట్రిమ్‌గా వేశారు, మైళ్లు కూడా ఎక్కువ పెట్టారు. అదే ట్రిమ్, దగ్గరి మైళ్లున్న కార్ల అమ్మకపు ప్రకటనలు మూడు పంపాక లెక్క మారింది. లోన్ ఇంకా ఎక్కువ ఉంటే ఆ తేడా గ్యాప్ ఇన్సూరెన్స్ కడుతుంది, లేకపోతే లేని కారుకు మీరే కడతారు.

బాగుచేసిన కారుకు తర్వాత అమ్మకపు విలువ తగ్గుతుంది కదా, దాన్నే డిమినిష్డ్ వాల్యూ అంటారు. తప్పు అవతలివాడిదైతే వాళ్ల కంపెనీని అడగొచ్చు. అడగనిదే వాళ్లు ఇవ్వరు. మీ సొంత కొలిజన్ కింద మాత్రం సాధారణంగా రాదు. అలాగే కారు లేని రోజులకు అద్దె: టోటల్ అయినా ఆ నష్టం అడగొచ్చని టెక్సస్ సుప్రీం కోర్టు 2016లో తేల్చింది, కాబట్టి "టోటల్ కదా, రెంటల్ ఉండదు" అనే మాటకు తగ్గకండి.

10. రిలీజ్ కాగితం మీద తొందరపడి సంతకం వద్దు

కొన్నిసార్లు నాలుగో రోజే ఫోన్ వస్తుంది, "గాయాలకు 800 ఇస్తాం, లింక్ నొక్కండి" అని. అది గాయాల రిలీజ్ (ఇక ఏమీ అడగనని రాసిచ్చే కాగితం) అయితే, తర్వాత ఎంఆర్ఐలో ఏం బయటపడినా అంతే. కారుకు ఒక రిలీజ్, ఒంటికి ఇంకొకటి, విడివిడిగా ఉండాలి. "ఆల్ క్లెయిమ్స్" అని ఉందేమో చూడండి, చెక్కు వెనక రాసింది కూడా చదవండి. ఒళ్లు కుదుటపడేదాకా, బిల్లులన్నీ వచ్చేదాకా ఆగండి, అయితే ఆ 2 ఏళ్ల గడువు దాటనివ్వకండి. అడ్జస్టర్‌తో మాటలు నడుస్తున్నాయి కదా అని గడువు ఆగదు.

ఎక్కువగా చేసే తప్పులు

ప్రీమియం పెరుగుతుందని మీ కంపెనీకి అసలు చెప్పకపోవడం. నెలన్నర తర్వాత అవతలివాడు మీ మీద క్లెయిమ్ వేస్తే, మీ కథ చెప్పేవాడే ఉండడు.

ఫోన్లో మాట్లాడి వదిలేయడం. ప్రతి ఫోన్ తర్వాత "ఈ రోజు మీరు చెప్పింది ఇది" అని రెండు లైన్ల ఈమెయిల్ పెట్టండి. అడ్జస్టర్లు మారతారు, ఈమెయిల్ మారదు.

ఆటోపే కార్డు ఎక్స్‌పైర్ అయ్యి పాలసీ ఆగిపోయిన సంగతి చూసుకోకపోవడం. కార్డు మారిస్తే వెంటనే ఇన్సూరెన్స్ యాప్‌లో మార్చండి. మా అమ్మను గుద్దిన కుర్రాడి కథ కూడా అదేనట.

వేరే రాష్ట్రం నుంచి వచ్చి పాత పాలసీతోనే నడపడం. టెక్సస్‌కు మారిన 30 రోజుల్లో కారు రిజిస్ట్రేషన్, 90 రోజుల్లో లైసెన్స్ మార్చుకోవాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి కొత్త అడ్రసు ముందే చెప్పాలి.

అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ఇలా చూసుకోండి

మీ కంపెనీకి ఫోన్ చేసి మూడే అడగండి: పీఐపీ నాకు ఉందా, లేక వద్దని సంతకం చేశానా? యూఎమ్ ఉందా, ఎంతకి? 515ఏలో ఎవరి పేరైనా ఉందా? జవాబు ఈమెయిల్‌లో పంపమనండి. పంపిన పేజీలో ఆ మాటలు కనిపిస్తే ఒకటో అంకె పని అయిపోయినట్టు. సంతకం చేసి ఉంటే పీఐపీ మళ్లీ కలపమని అప్పుడే చెప్పండి, మార్పు ఏ తేదీ నుంచి వర్తిస్తుందో కూడా అడగండి.

క్లెయిమ్ నడుస్తుంటే మీ దగ్గర ఇవి ఉండాలి: క్లెయిమ్ నంబరు, అడ్జస్టర్ పేరు, సీఆర్-3 కాపీ, తేదీలతో బిల్లులు, ఈమెయిళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో. గడువు దాటినా జవాబు రాకపోతే, లేదా కాదన్న కారణం రాసి ఇవ్వకపోతే టెక్సస్ ఇన్సూరెన్స్ శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. ఆన్‌లైన్ ఫారం ఉంది, హెల్ప్‌లైన్ 800-252-3439, ఫీజు లేదు. ఫిర్యాదు వెళ్లాక కంపెనీ ఆ శాఖకు సమాధానం చెప్పుకోవాలి. మూడు వారాలు ఫోన్ ఎత్తని మా అడ్జస్టర్ ఆ ఫారం పంపిన నాలుగో రోజు పొద్దున్నే తనే ఫోన్ చేశాడు.